ఒక్క గేరు చాలు, అయితే ఏ గేరు?

నా పాత సైకిలుకు 21 గేర్లు ఉండేవి. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. కొన్న రోజున ఆ అంకె చూసి ఎంతో సంబరపడ్డాను. ఆరు నెలలు రోజూ ఆఫీసుకు తొక్కాక, అసలు ఎన్ని గేర్లు వాడుతున్నానో చూద్దామని ఒక వారం పాటు లెక్క పెట్టుకున్నాను. వాడింది రెండు. ముందు ఎప్పుడూ మధ్య చక్రమే. వెనక నాలుగోది, ఎదురుగాలి ఉంటే మూడోది. మిగిలిన 19 గేర్ల బరువును రోజూ మోస్తున్నాను, వాటి మురికి తుడుస్తున్నాను, వాటి తీగలు బిగిస్తున్నాను.

ఆ ఆదివారం కూర్చుని పళ్లు కూడా లెక్కపెట్టాను. ముందు 28, 38, 48. వెనక 14 నుంచి 28 దాకా. ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. 28ని 14తో భాగిస్తే 2. 48ని 24తో భాగించినా 2. పేరుకు రెండు గేర్లు, కాళ్లకు ఒకటే. 38ని 18తో భాగిస్తే 2.11, 20తో భాగిస్తే 1.9. ఇవీ దాని పక్కనే ఉన్నాయి. ఫ్రేము మీద స్టిక్కరు 21 అని చెబుతున్నా, తొక్కేవాడికి వేరుగా అనిపించేవి అందులో చాలా తక్కువ.

తర్వాత కొన్నాళ్లకు ఒక ఉదయం ఆ సైకిలు స్టాండు తప్పి కుడివైపుకు పడింది. లేపి, దుమ్ము దులిపి ఎక్కాను. వెనక గేరు మార్చే డిరైలర్‌ను పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క లోపలికి వంగిందని నేను గమనించలేదు. వంతెన ఎక్కుతూ తేలిక గేరులోకి మార్చగానే డిరైలర్ వెళ్లి స్పోకుల్లో పడింది. ఐదు స్పోకులు తెగాయి, చైను మెలితిరిగింది, చక్రం బిగుసుకుపోయింది. వెనక చక్రాన్ని గాలిలోకి ఎత్తి పట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచాను. ఆ నడకలోనే గేర్లు లేని సైకిలు గురించి మొదటిసారి గట్టిగా ఆలోచించాను.

ఈ మధ్య మా పిన్ని కొడుకు ఉద్యోగంలో చేరాడు. రోజూ వెళ్లి రావడానికి సైకిలు కావాలి, చేతిలో ఉన్నది తక్కువ. “అన్నా, ఇంతలో గేర్ల సైకిలూ వస్తుంది, గేర్లు లేనిదీ వస్తుంది. గేర్లు లేనిది తీసుకుంటే తర్వాత బాధపడతానా?” అని అడిగాడు. వాడికి ఫోనులో ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను.

నా వాదన ఇది. డబ్బు పుష్కలంగా ఉన్నవాళ్లకు ఒంటి గేరు ఒక ఇష్టం. డబ్బు తక్కువ ఉన్నవాళ్లకు అది ఒక లెక్క. తక్కువ ధరకు సైకిలు తయారుచేసే కంపెనీ చేతిలో ఒక చెంబుడు నీళ్లు ఉన్నాయనుకోండి. వాటిని ఎన్ని మొక్కలకు పోయాలన్నదే ప్రశ్న. గేర్ల సైకిలులో రెండు డిరైలర్లు, హ్యాండిలు మీద రెండు మీటలు, వాటి తీగలు, తీగల తొడుగులు, ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు పళ్ల చక్రాలు ఉండాలి. ఇవన్నీ ఆ చెంబులోంచే తాగుతాయి. ధర మాత్రం పెరగకూడదు. అప్పుడు ఎక్కడ కోత పడుతుంది? కంటికి కనిపించని చోట. ఇరుసులో బేరింగులు, రిము, బ్రేకులు, టైర్లు. అంకెలో చూపించలేని ప్రతిదాన్నీ కొంచెం కొంచెం తగ్గిస్తారు. చివరకు గేర్లూ బాగుండవు, మిగతావీ బాగుండవు.

ఇంకో సంగతి ఉంది. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి, ఎవరూ పెద్దగా చెప్పరు. వెనక ఏడెనిమిది పళ్ల చక్రాలు ఉంటే వాటికి చోటివ్వడానికి చక్రం కుడివైపు స్పోకులను బాగా నిటారుగా కట్టాలి. కుడివైపు స్పోకులు గట్టిగా లాగి ఉంటాయి, ఎడమవైపువి వదులుగా ఉంటాయి. రోజూ గుంతల్లో పడే చక్రానికి ఈ తేడా మంచిది కాదు. ఒకే పళ్ల చక్రం ఉంటే రెండువైపులా స్పోకులను దాదాపు ఒకే కోణంలో, ఒకే బిగువుతో కట్టవచ్చు. రిమూ స్పోకులూ అంతే ధరవైనా ఆ చక్రం గట్టిగా నిలుస్తుంది, తొందరగా బెండు రాదు.

అయితే గేర్లు తీసేసినంత మాత్రాన మిగిలిన డబ్బు చక్రాలకే వెళ్లిందని నమ్మకండి. ఒంటి గేరు సైకిళ్లలో చాలావాటిని రూపం కోసమే తయారుచేస్తున్నారు. రంగు రిములు, రంగు చైను, సన్నటి టైర్లు, ఒక్కటే బ్రేకు, మడ్‌గార్డు బిగించడానికి ఒక్క రంధ్రం కూడా లేని ఫ్రేము. మిగిలిన డబ్బు అక్కడ రంగులోకి వెళ్లింది. అందుకే ప్రతి సైకిలు ముందూ నిలబడి ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇందులో గేర్ల మీద ఆదా చేసిన డబ్బు ఎక్కడుంది, నా వేలితో చూపించగలనా?

ఒంటి గేరు కొత్త మోజు అనుకునేవాళ్లకు ఒక మాట. జాన్ కెంప్ స్టార్లీ 1885లో రోవర్ సేఫ్టీ సైకిలును తెచ్చినప్పటినుంచి, అంటే రెండు దాదాపు సమాన చక్రాలూ వెనక చక్రానికి చైనూ ఉన్న ఈ రూపం పుట్టినప్పటినుంచి, చాలాకాలం పాటు సైకిలంటే ఒంటి గేరు సైకిలే. 1903లో మొదలైన టూర్ దె ఫ్రాన్స్ పందెంలో 1937 దాకా డిరైలర్లను అనుమతించలేదు. అంతవరకు పందెగాళ్లు వెనక చక్రానికి రెండువైపులా వేర్వేరు పళ్ల చక్రాలు పెట్టుకుని, కొండ దగ్గర దిగి, చక్రం విప్పి, తిప్పి బిగించుకుని ఎక్కేవారు. గేర్లు బలహీనుల కోసమని వాదించినవాళ్లు ఆ రోజుల్లో ఉన్నారు. నేను వాళ్ల పక్షం కాదు. కొండలు ఎక్కేవాడికి గేరు గొప్ప వరం. రోజూ ఒకే దారిలో, ఎక్కువగా చదునైన నేల మీద వెళ్లేవాడికి ఆ వరం ఎంత పనికొస్తుందన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒంటి గేరు సైకిలు కొనేవాళ్లు రంగు చూస్తారు, బరువు చూస్తారు, పళ్లు లెక్కపెట్టరు. కానీ మీకు దొరికేది ఒకే ఒక గేరు. అది తప్పయితే సర్దుకోవడానికి మరొకటి లేదు.

నేను మొదట కొన్న ఒంటి గేరు సైకిలుకు ముందు 48 పళ్లు, వెనక 16. భాగిస్తే సరిగ్గా 3. 32 మిల్లీమీటర్ల టైరున్న, 700సి అనే మామూలు కొలత చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.15 మీటర్లు ముందుకు వెళుతుంది. అంటే పెడలు ఒక్క చుట్టుకు 6.45 మీటర్లు. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 31 కిలోమీటర్లు. అంత వేగంతో నేను ఎప్పుడూ వెళ్లను. నా దారిలో సిగ్నళ్లున్నాయి, బస్సులున్నాయి, పిల్లలు రోడ్డు దాటుతుంటారు. నా మామూలు వేగం గంటకు 19, 20. ఆ వేగంలో 48, 16 మీద నా కాళ్లు నిమిషానికి 50 చుట్లు మాత్రమే తిరిగేవి. ప్రతి చుట్టూ బరువైనదే. ప్రతి సిగ్నలు దగ్గరా ఆగి, మళ్లీ బయలుదేరడానికి మొత్తం ఒళ్లంతా పెడలు మీద మోపాల్సి వచ్చేది. నెల తిరిగేసరికి కుడి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. సీటు ఎత్తు మార్చాను, చెప్పులు మార్చాను, దారి మార్చాను. మార్చాల్సింది వెనక ఉన్న ఆ చిన్న చక్రమని అర్థం కావడానికి ఇంకో నెల పట్టింది.

ఇప్పుడు నా సైకిలుకు ముందు 44, వెనక 18. నిష్పత్తి 2.44. పెడలు చుట్టుకు సుమారు 5.25 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్లు, 80 తొక్కితే 25, కాళ్లు గబగబా 100 తిప్పితే 31. నాకు కావలసిన వేగాలన్నీ కాళ్లు సుఖంగా తిరిగే పరిధిలోనే ఉన్నాయి. దిగుడులో కాళ్లు తిప్పడం ఆపి కూర్చుంటాను. మోకాలి నొప్పి నెలన్నరలో పోయింది. ఇది వైద్య సలహా కాదు, నాకు జరిగింది చెబుతున్నాను.

గేరును మీ మంచి ఉదయం చూసి ఎంచుకోకండి. కొత్త సైకిలు ఎక్కిన మొదటి పది నిమిషాల్లో బరువు గేరు ఎంతో బాగుంటుంది. సైకిలు దూసుకుపోతుంది, అదే మంచి సైకిలనిపిస్తుంది. నేను మోసపోయింది అక్కడే. గేరును ఎంచుకోవాల్సింది సాయంత్రం ఆరున్నరకు, పనిలో అలసి, వెనక క్యారియరు మీద సంచి పెట్టుకుని, ఎదురుగాలిలో ఇంటికి వస్తున్న మనిషిని చూసి. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది. గాలి లేని రోజు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లేటప్పుడు ముఖానికి తగిలే గాలి 20. ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వీస్తుంటే తగిలేది 35. నెట్టుకుంటూ పోవాల్సిన గాలి బలం మూడు రెట్లవుతుంది. చిన్న గాలే కదా అనుకున్నది కాళ్లకు కొండలా అనిపించేది అందుకే.

నిజమైన ఎత్తు సంగతీ లెక్కలోనే చూద్దాం. మనిషీ సైకిలూ సంచీ కలిపి 90 కిలోలనుకుందాం. నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచే వంతెన. 44, 18 మీద, 170 మిల్లీమీటర్ల క్రాంకుతో (పెడలును పట్టి ఉంచే చెయ్యి), పెడలు మీద చుట్టంతా సగటున 25 కిలోల బరువు మోపినట్టు నొక్కాలి. సగటంటే నిజానికి కాలు కిందికి దిగేటప్పుడు పడేది ఇంకా ఎక్కువ. చదును మీద నెమ్మదిగా పోయేటప్పుడు ఇదే సగటు ఏడెనిమిది కిలోలు. 48, 16 మీద ఆ వంతెనకు 30 కిలోలు కావాలి. 44, 18 మీద గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే కాళ్లు నిమిషానికి 38 చుట్లు తిరుగుతాయి. రెండు వందల మీటర్ల వంతెనయితే లేచి నిలబడి తొక్కేస్తారు, ఒక నిమిషంలో అయిపోతుంది. అదే ఎత్తు కిలోమీటరు పొడవునా ఉంటే, రోజూ ఎక్కాల్సి వస్తే, నేను ఒంటి గేరు వద్దనే చెబుతాను. వెనక పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకునేవాళ్లకూ, మోకాళ్లకు ఇప్పటికే ఇబ్బంది ఉన్నవాళ్లకూ వద్దు. వాళ్లకు లోపలే మూడు గేర్లుండే హబ్బు, అంటే చక్రం నడిమి భాగం, మంచిది. స్టర్మీ-ఆర్చర్ కంపెనీ వందేళ్లకు పైబడి చేస్తున్న పాత పద్ధతి అది. పడినా వంగడానికి బయట వేలాడే డిరైలర్ ఉండదు.

చదునైన దారి ఉన్నవాళ్లకు నా సలహా: నిష్పత్తి 2.3కూ 2.6కూ మధ్య మొదలుపెట్టండి. సందేహం ఉంటే తేలికవైపు మొగ్గండి. ముందు 46, వెనక 18 అయినా సరే, 42, 18 అయినా సరే. ఇక్కడ ఒంటి గేరు సైకిలులో ఉన్న సుఖం ఏమిటంటే, తప్పు దిద్దుకోవడం చవక. వెనక ఉండే ఫ్రీవీలును, అంటే కాళ్లు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే పళ్ల చక్రాన్ని, మార్చితే చాలు. 16 పళ్లు, ఆపైన ఉన్న ఫ్రీవీళ్లు దాదాపు అన్నీ ఒకే కొలత మర మీద కూర్చుంటాయి, ఏ కంపెనీదైనా పనికొస్తుంది. వెనక ఒక పన్ను పెరిగితే ఇరుసు 3 మిల్లీమీటర్ల చిల్లర ముందుకు జరుగుతుంది. అంత చోటు ఫ్రేములో ఉంటే చైను కూడా మార్చనక్కర్లేదు. కొనేముందే అడగండి, “ఇందులో 18 పళ్లది వేసి ఇస్తారా?” అని. కొత్త ఫ్రీవీలును విప్పడం తేలిక. ఆరు నెలలు తొక్కాక అది మీ కాళ్ల బలంతోనే బిగుసుకుని కూర్చుంటుంది.

ఫ్రీవీలా, ఫిక్సుడా అని చాలామంది వాదించుకుంటారు. ఫిక్సుడు అంటే వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి, కాళ్లు ఆపడానికి వీలుండదు. దాన్ని ప్రేమించేవాళ్లను చూశాను, వాళ్ల ఆనందం నిజమైనదే. కానీ రద్దీలో రోజూ వెళ్లే, కొత్తగా మొదలుపెట్టే మనిషికి ఫ్రీవీలే సరైనది. మలుపులో పెడలు నేలకు తగులుతుందేమోనన్న భయం ఉండదు, గుంత వచ్చినప్పుడు కాళ్లు రెండూ సమంగా ఉంచి లేవవచ్చు. వెనక హబ్బుకు రెండువైపులా మర ఉంటే ఒకవైపు ఒకటి, మరోవైపు మరొకటి పెట్టుకోవచ్చు. అది ఉంటే మంచిదే, దానికోసం ఎక్కువ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

బ్రేకుల దగ్గర మాత్రం నేను మెత్తబడను. రెండు ఉండాలి. ముందు ఒకటి, వెనక ఒకటి. బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరుగుతుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. సైకిలును నిజంగా ఆపేది ముందు బ్రేకే. వెనక బ్రేకు ఒక్కటే ఉన్న సైకిలును రూపం ఎంత బాగున్నా కొనకండి. కొనేచోట మీటను గట్టిగా నొక్కి పట్టుకుని సైకిలును ముందుకు తోయండి. మీట హ్యాండిలుకు తగలకూడదు, బ్రేకు చేతులు రబ్బరులా వంగకూడదు. రిము ఏ లోహమో కూడా చూడండి. మెరిసే స్టీలు రిము ఎండలో బాగానే ఆగుతుంది. వానలో తడిస్తే బ్రేకు రబ్బరుకు పట్టు దొరకదు, సైకిలు ఆగకుండా సాగిపోతూనే ఉంటుంది. అల్యూమినియం రిము తడిలో ఎంతో మేలు. నేను ఒకసారి వానలో స్టీలు రిముతో సిగ్నలు దాటి మధ్యలోకి వెళ్లి ఆగాను. ఎదురుగా వచ్చిన లారీ డ్రైవరు జాగ్రత్తగల మనిషి కాబట్టి ఇది రాస్తున్నాను.

టైరు వెడల్పు ఇంకో మోసం. సన్నటి టైరు వేగంగా పోతుందని పేరు. గుంతలూ కంకరా ఉన్న దారిలో 23 మిల్లీమీటర్ల టైరు మనిషినీ రిమునూ రెండింటినీ కొడుతుంది. 32 లేదా 35 పట్టే ఫ్రేము చూడండి. టైరుకూ ఫ్రేముకూ మధ్య వేలు దూరే ఖాళీ ఉండాలి, లేకపోతే వానాకాలంలో మడ్‌గార్డు పట్టదు. మడ్‌గార్డుకూ క్యారియరుకూ వెనక ఇరుసు దగ్గర చిన్న రంధ్రాలుంటాయి. రంగుల్లో ముంచిన ఫ్రేముల్లో ఇవే ఉండవు. రోజూ భోజనం డబ్బా, బట్టలు, కంప్యూటరు మోసుకెళ్లే మనిషికి వీపు మీద సంచి మోయడమంటే చొక్కా తడిసి ముద్దవడమే. ఆ రెండు రంధ్రాలు నాకు ఎంత ముఖ్యమో, అవి లేని ఫ్రేమును ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

వెనక ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉందో నిలువుగా ఉందో చూడండి. ఒంటి గేరుకు డిరైలర్ ఉండదు కాబట్టి చైనును లాగి పట్టే స్ప్రింగు కూడా ఉండదు. ఇరుసును వెనక్కి జరిపి చైను బిగించుకోవాలి. అందుకే గాడి అడ్డంగా ఉండాలి. చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే అర అంగుళం కదలాలి. ఇంకా బిగిస్తే బేరింగులు అరుగుతాయి, వదులుగా ఉంటే గుంతలో చైను ఊడుతుంది. వెనక చక్రం చాలా సైకిళ్లలో 15 మిల్లీమీటర్ల నట్లతో బిగించి ఉంటుంది. ఆ పానా ఒకటి సంచిలో లేకుండా బయలుదేరకండి, దారిలో పంక్చరయితే చక్రం విప్పలేరు.

మీకు సరిపోయే ఎత్తు ఫ్రేము కావాలని వేరే చెప్పనక్కర్లేదు. సీటు మీద కూర్చుని మడమను అట్టడుగున ఉన్న పెడలు మీద పెడితే కాలు చక్కగా చాచుకోవాలి. పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. ఫ్రేము మీద నిలబడితే పై గొట్టానికీ మీకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉండాలి.

మీ డబ్బుకు కొత్తదాని కంటే పాతదాంట్లోనే మంచి సైకిలు వచ్చే అవకాశం ఎక్కువ. ఒంటి గేరు సైకిలును పరీక్షించడం కూడా తేలిక, చూడాల్సినవి తక్కువ కాబట్టి. ముందు ఫ్రేమును చూడండి. హ్యాండిలు కింద గొట్టాలు కలిసేచోట, అడుగు వైపున, వేలితో తడమండి. ఉబ్బుగానీ, ముడతగానీ, రంగులో పగులుగానీ ఉంటే ఆ సైకిలు ఎక్కడో ముందునుంచి గుద్దుకుంది. వదిలేయండి. ముందు చక్రాన్ని ఎత్తి హ్యాండిలును నెమ్మదిగా తిప్పండి. నేరుగా వచ్చినప్పుడు గాడిలో పడినట్టు ఆగితే పైన బేరింగులు పోయాయి. క్రాంకులను పట్టుకుని పక్కలకు కదపండి, టకటకమంటే అక్కడా ఖర్చుంది. రెండు చక్రాలనూ తిప్పి బ్రేకు రబ్బరు పక్కనుంచి చూడండి, ఊగితే బెండు ఉంది. అది తీయించవచ్చు. రిము పక్కభాగం లోపలికి గుంటపడి అరిగిపోయి ఉంటే మాత్రం రిము మార్చాల్సిందే. వెనక పళ్లు కొక్కేల్లా వంగి మొనదేలితే చైనూ ఫ్రీవీలూ రెండూ మార్చాలి, ఆ డబ్బు బేరంలో తగ్గించమనండి. సీటు గొట్టం పైకీ కిందికీ కదులుతోందో చూడటం మర్చిపోవద్దు. తుప్పుపట్టి అతుక్కుపోతే విప్పడం చాలా కష్టం. ఫ్రేము అడుగున సంఖ్య చెక్కి ఉంటుంది. దాన్ని గీకేసి ఉంటే అది ఎవరి కష్టాన్నో దోచుకున్న సైకిలు. ఎంత చవకయినా ముట్టుకోకండి.

ఇంట్లో మూలన పడి ఉన్న పాత గేర్ల సైకిలును ఒంటి గేరుగా మార్చుకోవచ్చా? ఫ్రేముకు అడ్డ గాడి ఉంటే హాయిగా మార్చుకోవచ్చు. నిలువు గాడి ఉంటే చైనును లాగి పట్టే చిన్న పరికరం పెట్టాలి. అది పనిచేస్తుంది, కానీ మళ్లీ ఒక వేలాడే భాగాన్ని తెచ్చుకున్నట్టే. ఏదైనా సరే, ముందు పళ్లూ వెనక పళ్లూ ఒకే వరసలో ఉండేలా చూసుకోండి. వెనకనుంచి చూస్తే చైను దూలంలా నేరుగా కనిపించాలి. చైను కొనేటప్పుడు వెడల్పు రెండు రకాలని గుర్తుంచుకోండి, ఒకటి 3/32 అంగుళం, మరొకటి 1/8. వెడల్పు చైను రెండు రకాల పళ్ల మీదా నడుస్తుంది. సన్నది వెడల్పు పళ్ల మీద కూర్చోదు.

మీ దగ్గరున్న డబ్బంతా సైకిలు మీదే పెట్టకండి. మంచి తాళం, ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం, గాలి పంపు, ఒక స్పేరు ట్యూబు, ఆ పానా. వీటి డబ్బు మొదటే పక్కన తీసిపెట్టి, మిగిలినదాంట్లో సైకిలు చూడండి. నేను మొదటిసారి తిరగేసి చేశాను. దీపం లేకుండా మూడు వారాలు చీకట్లో వచ్చాను. ఆ మూడు వారాలు ఇంట్లోవాళ్లు గుమ్మంలో నిలబడి ఉండేవారు.

కొన్నాక దాని మీద చేయాల్సిన పని చాలా తక్కువ, అందుకే ఆ కొంచెమైనా మానకండి. వారానికోసారి గాలి, పది రోజులకోసారి చైను తుడిచి నూనె. నెలకోసారి కొలబద్ద పెట్టి చైను కొలవండి. చైనులో పిన్ను నుంచి పిన్నుకు దూరం అర అంగుళం. 24 దూరాలు కలిపితే కొత్త చైనులో 305 మిల్లీమీటర్లకు ఒక వెంట్రుకవాసి తక్కువ. అది 308కి చేరితే చైను మార్చే వేళయింది. ఇంకా నడిపితే అది పళ్లను కూడా తినేస్తుంది. ఒంటి గేరులో చైను వంకరగా నడవదు, అటూ ఇటూ గెంతదు, అందువల్ల చాలాకాలం వస్తుంది. నా సైకిలు మీద ఉన్నది రెండో వానాకాలం చూసింది.

మా తమ్ముడికి సైకిలు ఎంచిపెట్టే ముందు నా సైకిలే మూడు రోజులు ఇచ్చాను. వాడి దారిలో, వాడి సంచితో, వాడి వేళకు తొక్కమన్నాను. పొద్దున వెళ్లేటప్పుడు బాగుందన్నాడు. సాయంత్రం వచ్చేటప్పుడు చెరువు గట్టు మీద గాలికి నాలుగు కిలోమీటర్లూ నిలబడి తొక్కాల్సి వచ్చిందన్నాడు. మూడు రోజులూ అదే మాట. పాత సైకిలొకటి దొరికింది, నీలిరంగు పోయి అక్కడక్కడా గీతలు పడింది, ఫ్రేములో లోపం లేదు, వెనక రెండు రంధ్రాలూ ఉన్నాయి, అల్యూమినియం రిములు. దానికి ముందు 44 పళ్లు. వెనక 16 ఉన్నదాన్ని విప్పించి 20 వేయించాడు.